పలక

మూడో రోజుకి తారు అయిపోయింది.
ఆ తర్వాత వచ్చినదాన్ని రోడ్డు అనడం మర్యాద కోసం.
రేకు ముడతల్లా వరసలు వరసలుగా ఎర్రమట్టి,
దాని మీద పళ్ళు కొరుక్కుంటూ వెనకాలే మా కారవాన్.
లోపల చెంచాలన్నీ ఒకటే తగవు.
పంచదార డబ్బా మూత ఎప్పుడు ఊడిందో
రాత్రి దుప్పటి దులిపితే గానీ తెలియలేదు.

వెర్నా మ్యాపు చూడదు.
"కుడిచేతివైపు నీళ్ళ ట్యాంకు వస్తుంది డెన్‌జిల్,
దాని మీద కాకి ఉంటుంది" అంటుంది.
యాభై రెండేళ్ళ కిందటి కాకి!
ట్యాంకు వచ్చింది, తుప్పుకి తుప్పే ఆసరాగా.
కాకీ ఉంది.
నేనేమీ అనలేదు.
నలభై ఏళ్ళ కాపురం,
ఎక్కడ నోరు మూసుకోవాలో ఆ మాత్రం తెలుసు.

నాలుగు పెట్టెల లారీ ఒకటి, రైలంత,
ఎదురొచ్చి పోయింది.
అది లేపిన దుమ్ములో పావుగంట
మాకు మేమే కనపడలేదు.

దారి మొత్తానికి ఒకటే పెట్రోలు బంకు. జోర్కాది.
ఓపల్ రాళ్ళు తవ్వుదామని మొగుడితో వచ్చిందట.
మొగుడు పోయాడు, గొయ్యి మిగిలింది.
"గొయ్యే నయం, ఎండాకాలం చల్లగా ఉంటుంది"
అంటూ పెనం మీద గుడ్డు కొట్టింది.

నీడలో కుక్కతో కూర్చున్న క్లెమెంట్ తలెత్తాడు.
ఈ గనులకీ, కంచెలకీ ముందునుంచీ
ఈ నేల వాళ్ళ తాతలది.
"ఆ ఊరా? లారీలెక్కి వెళ్ళిపోయిందిగా.
తాళ్ళు బిగించింది నేనే.
ఎన్నో నంబరు?"
"పద్నాలుగు" అంది వెర్నా, బళ్ళో హాజరు పలికినట్టు.
అతను కాసేపు కుక్క చెవి వెనక గోకాడు.
"వీధిలో ఆఖరున ఎత్తింది అదే.
పొయ్యి మీద కెటిల్ మరిచిపోయారు మీవాళ్ళు.
రెండొందల మైళ్ళు. ఒలకలేదు."

నికెల్ ధర లండన్లో
ఎవరి బల్ల మీదో పడిపోయింది.
ఇక్కడ మూడొందల ఇళ్ళు లేచిపోయాయి.

చేరేసరికి మూడున్నర.
తడిగుడ్డ పెట్టి పలక తుడిచినట్టుంది ఊరు.
ఇళ్ళ కింది సిమెంటు పలకలే మిగిలాయి,
ఏ అక్షరమూ లేకుండా.
వీధులున్నాయి.
మలుపులో 'ఆగుము' బోర్డు ఉంది.
ఎవరి కోసమో తెలియదు, నేను ఆగాను.
కుడీ ఎడమా చూసి మరీ కదిలాను.

అవతల గని. నిండా ఆకుపచ్చ నీళ్ళు,
పక్షి కూడా వాలని నీళ్ళు.
పక్కన తవ్విపోసిన గుట్టలు.
బల్లపరుపుగా పరుచుకున్న ఇంత నేలలో
ఉన్న కొండలన్నీ కంపెనీ చేసినవే.

వెర్నా దిగి లెక్కపెడుతూ నడిచింది.
ఒకచోట తప్పింది. వెనక్కొచ్చింది. మళ్ళీ నడిచింది.
గులాబిరంగు పెంకులు నాలుగు,
మధ్యలో ఎండిపోయిన తూము.
చెప్పు విడిచి బొటనవేలితో తట్టి చూసింది.
ఏడుస్తుందేమోనని జేబులో రుమాలు వెతుక్కున్నాను.

"బండి వెనక్కి పెట్టు" అంది.
"ఎక్కడికి?"
"ఇక్కడికే. ఈ పలక మీదికి."

కారవాన్ని రివర్సు చెయ్యడం
నాకు చచ్చినా రాదు.
ఎడమ అంటే కుడికి పోతుంది, ముసలి గాడిద.
తను చేతులూపుతూ, అరుస్తూ,
జాన ఇటు, బెత్తెడు అటు,
ఆరుసార్లు, ఏడోసారి కూడా,
చివరికి చప్పట్లు కొట్టింది.
చక్రాల మీద పోయిన ఇంటి చోట
చక్రాలతోనే ఒక ఇల్లు.

మడతమెట్టు దించాను.
అది సరిగ్గా వాళ్ళ పాత గుమ్మం దగ్గర దిగిందట.
గ్యాసు వెలిగించి కెటిల్ పెట్టింది.
చుట్టూ కనుచూపు మేరా మట్టే,
ఎర్రగా, మెత్తగా, ఎవరికీ పట్టనిది.
పొద్దు అందులోకే దిగుతోంది.

టీ కోసం మెట్టు మీద కాలు పెట్టబోయాను.

"ఏయ్," అంది లోపలినుంచి,
"కాళ్ళు తుడుచుకుని రా."